ఇరవై వేల చేపపిల్లల లెక్క

ఈ కేసులో మేము ఇచ్చిన మొదటి సలహా తప్పు. ఆ తప్పుకు అయిన ఖర్చు మా జేబులోంచి పోలేదు, ఒక మత్స్యకార సంఘం జేబులోంచి పోయింది. అందుకే ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. ఇప్పుడు చెరువుల సంఘాలకు సలహాలు చెప్పడమే నా వృత్తి. మా వెంట క్షేత్రానికి వచ్చే విద్యార్థులు ఎవరైనా నీటి పరీక్ష పెట్టె తెరవబోతే ముందు ఈ సంగతి చెప్పి కూర్చోబెడతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను. అంకెలు మాత్రం అప్పటి నోటు పుస్తకంలోవే.

నేపథ్యం

2019లో నేను మత్స్యశాస్త్ర డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని. గ్రామీణ అనుభవం కోసం ఒక సెమిస్టరు రైతుల మధ్య, మత్స్యకారుల మధ్య గడపాలి. ముగ్గురం ఒక జట్టు. శ్రీకాకుళం జిల్లా అనగానే సముద్రమే గుర్తుకొస్తుంది, 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా మరి. ఇక్కడే పుట్టిన నేను కూడా పడవలు, వలలు, ఉప్పుగాలి ఊహించుకుని సంచి సర్దుకున్నాను. మాకు పడింది నాగావళికీ వంశధారకూ మధ్య ఉన్న ఒక వర్షాధారపు చెరువు.

నిండితే పన్నెండు ఎకరాల నీరు. ఆగస్టు చివరికి నిండుతుంది, వరికి తూము తీశాక తగ్గుతూ వస్తుంది, మే నాటికి నడిమధ్య ఎకరంపాటి మడుగు మిగులుతుంది. పూర్తిగా ఎండదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది. సంఘంలో ఇరవై ఎనిమిది మంది సభ్యులు. లీజు కట్టి, ఏటా బొచ్చె, రాగండి, ఎర్రమోసు పిల్లలు వేసి, వేసవి ముందు పట్టి అమ్ముకుంటారు. చేపలకు విడిగా మేత వెయ్యరు. చెరువులో ఏది దొరికితే అదే తిండి. ఈ మూడు రకాలనూ కలిపి వేయడంలో ఉన్న తెలివి అదే: బొచ్చె పైనీటిలో, రాగండి నడినీటిలో, మోసు అడుగున మేస్తాయి, ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు.

వాళ్లు చెప్పిన సమస్య

జూలైలో మేము వెళ్లినప్పుడు సంఘం అధ్యక్షుడు మమ్మల్ని గట్టు మీద నిలబెట్టి ఒకటే మాట అన్నాడు: "చెరువు గొడ్డుపోయిందమ్మా. మందేదైనా రాయండి."

మూడేళ్లుగా ఏటా ఇరవై వేల పిల్లలు వేస్తున్నారు. పట్టినప్పుడు ఏడెనిమిది వందల కిలోలు మించడం లేదు. కారణాలు ఎవరివి వారికున్నాయి. పొలాల్లోంచి వచ్చే పురుగుమందు నీరు అని కొందరు, పక్క ఊరివాళ్లు రాత్రిళ్లు వల వేస్తున్నారని ఇంకొందరు. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులో అలుగు మీదుగా అన్నీ కొట్టుకుపోయాయని మరికొందరు. తిత్లీ మాట కాదనలేం, ఆ ఏడాది నీరు అలుగు మీద నిలువెత్తున దూకిందని అందరూ చెప్పారు. కానీ అంతకు ముందు రెండేళ్లు తిత్లీ లేదు, దిగుబడీ లేదు.

పక్క ఊరివాళ్ల మాట వచ్చినప్పుడల్లా గొంతులు పెరిగేవి. దొంగతనం అన్నిటికన్నా సులువైన కారణం, రుజువు అడగదు కాబట్టి. మేము ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాం గాని ఎక్కడా మళ్లీ ఎత్తలేదు. తప్పో ఒప్పో, విద్యార్థులు ఊళ్ల మధ్య తగువు పెట్టి వెళ్లిపోకూడదని మాకు అప్పటికే తెలుసు.

మొదటి ప్రయత్నం: కిట్ చెప్పిన సమాధానం

మా దగ్గర నీటిని పరీక్షించే కిట్ ఉంది. దాంతో వారం రోజులు తెల్లవారుజామున, మధ్యాహ్నం చెరువులోకి దిగాం. తెల్లవారుజామున కరిగిన ఆక్సిజన్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు పైనే ఉంది. అమ్మోనియా లెక్కలోకి రాదు. పీహెచ్ 7.6. నీరు ఎంత తేటగా ఉందో చూడటానికి తాడుతో దించే సెక్కీ పళ్లెం ముప్పై అయిదు సెంటీమీటర్ల దాకా కనబడింది, అంటే నీటిలో పచ్చదనం కావలసినంత ఉంది. పీహెచ్ ఊగిసలాడకుండా నిలబెట్టే క్షారత ఒక్కటే లీటరుకు అరవై మిల్లీగ్రాములు, కాస్త తక్కువ.

దొరికిందనుకున్నాం. మా సంతోషం ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అన్నీ బాగున్న చెరువులో ఒక్క అంకె ఒక్క పిసరు తక్కువగా కనిపిస్తే దాన్నే జబ్బు అనేశాం. మూడు వందల కిలోల సున్నం, మూడు ట్రాక్టర్ల పేడ రాశాం. సంఘం తెచ్చి వేసింది. ఆగస్టులో వానలు పడి మడుగు పన్నెండు ఎకరాలు కాగానే ఆ సున్నం ఎటు పోయిందో కూడా తెలియలేదు.

తర్క దోషం ఎక్కడుందో చెప్పాలి. మా పెట్టెలో నీటిని కొలిచే సీసాలున్నాయి కాబట్టి జబ్బు నీటిలోనే ఉండాలనుకున్నాం. చేపల్ని లెక్కపెట్టే సీసా ఏదీ ఆ పెట్టెలో లేదు. అందుకే ఆ ప్రశ్న మాకు తట్టలేదు.

మలుపు: కోడలి నోటు పుస్తకం

అధ్యక్షుడి కోడలు పదో తరగతి దాకా చదువుకుంది. చేపలు పట్టిన రోజుల్లో గట్టు మీద కూర్చుని లెక్క రాసేది ఆమే. సున్నం ఖర్చు రాస్తున్నప్పుడు ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. పాత పేజీలు తిప్పుతుంటే ఒక సంగతి కళ్లబడింది. ఆమె కిలోలతో పాటు ప్రతి గంపలో ఎన్ని చేపలున్నాయో కూడా రాసింది.

"ఇదెందుకు రాశావు వదినా?" అని అడిగాను.

"పెద్ద చేపకు ఒక ధర, చిన్న చేపకు ఒక ధర కదా. షావుకారు కలిపేసి తూస్తాడని రాసుకున్నాను."

కూడి చూశాను. వేసవి ముందు పట్టినవి ఏడు వందల కిలోలు, ఏడు వందల ఎనభై చేపలు. అంటే ఒక్కొక్కటీ సగటున తొమ్మిది వందల గ్రాములు. మేత వెయ్యని చెరువులో ఏడెనిమిది నెలలకు అంత బరువంటే చిన్న విషయం కాదు. నీరు చెడ్డదైతే, తిండి లేకపోతే చేపలు ఈసురోమంటూ పావుకిలో దగ్గర ఆగిపోవాలి. ఇక్కడ బతికిన ప్రతి చేపా బలిసింది. చెరువు గొడ్డుపోలేదు. తినేవాళ్లు లేక వంట మిగిలిపోతున్న ఇల్లు అది. ఇరవై వేలలో ఏడు వందల ఎనభై అంటే నూటికి నాలుగు కూడా లేవు. మిగిలిన తొంభై ఆరు ఎక్కడ?

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని దారులు రాసుకున్నాం. పిల్లలు అసలు ఇరవై వేలు వచ్చాయా? వచ్చినవి వదిలిన రోజే చచ్చిపోయాయా? బతికినవాటిని ఏదైనా తినేసిందా? పెరిగాక అలుగు మీదుగా పోయాయా? నాలుగు ప్రశ్నలూ వేరు వేరుగా పరీక్షించగలిగినవే. ఈసారి సలహా చెప్పే ముందు పరీక్ష చేద్దామనుకున్నాం. ఒక తప్పు చేసిన తర్వాత వచ్చిన బుద్ధి అది.

పరీక్షలు

ఇరవై వేలూ ఒకేసారి తెప్పించవద్దని సంఘాన్ని బతిమాలాం. ఒప్పించడం తేలిక కాలేదు. సున్నం సంగతి వాళ్ల మనసులో ఉంది, అనలేదు గాని ముఖాల్లో కనిపించింది. చివరికి కోడలే మామగారితో "అయిదు వేలే కదా, పోతే పోనీ" అంది. ఆగస్టు చివర అయిదు వేల పిల్లలు వ్యాన్‌లో వచ్చాయి, ఒకటిన్నర అంగుళం సైజు, సంచికి వెయ్యి చొప్పున అయిదు సంచులు. మిట్ట మధ్యాహ్నం రెండు గంటలు. ప్రతి ఏడూ ఆ వేళకే వస్తాయట.

రెండు సంచులు పెద్ద తొట్టెల్లో పోసి, సాసరుతో ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టాం. ఒక సంచిలో 812, ఇంకోదానిలో 790. వ్యాన్ డ్రైవరు వద్దన్నా వినలేదు. దీన్ని మోసం అని నేను రాయను. పిల్లల్ని జల్లి గిన్నెతో కొలిచి కడతారు. మొదటి గిన్నెను లెక్కపెట్టి మిగతావాటికి అదే అంకె వేస్తారు. ఆ మొదటి గిన్నెలో నీరు బాగా వడిస్తే ఎక్కువ పిల్లలు పడతాయి, వడవకపోతే తక్కువ పడతాయి. ఏ గిన్నెను లెక్కపెట్టారన్న దాన్నిబట్టి అంకె మారుతుంది. కొనేవాడు లేని చోట జరిగే లెక్క ఎటు మొగ్గుతుందో ఊహించుకోవచ్చు. ఏమైనా అయిదో వంతు ఇక్కడే తేలిపోయింది: ఆ పిల్లలు రానేలేదు.

రెండో పరీక్షకు రెండు హాపాలు, అంటే దోమతెర లాంటి వలతో పెట్టెలా కుట్టినవి, చెరువులోనే కర్రలకు కట్టాం. ఒకదానిలో వంద పిల్లల్ని ఊళ్లో ఎప్పటిలాగే సంచి విప్పి కుమ్మరించాం. ఇంకోదాని కోసం లోపలి నీటి వేడి చెరువు నీటితో సమానమయ్యేలా సంచిని అలాగే చెరువు నీటి మీద ఇరవై నిమిషాలు తేలనిచ్చి, తర్వాత మూతి విప్పి కొద్దికొద్దిగా చెరువు నీరు కలిపి, పిల్లలు వాటంతటవి బయటికి ఈదేదాకా ఆగాం. మూడు రోజుల తర్వాత మొదటిదానిలో అరవై ఒకటి, రెండోదానిలో తొంభై మూడు బతికి ఉన్నాయి. చెరువు నీటిలో తప్పు లేదనడానికి ఆ తొంభై మూడూ చాలు. కిట్ వారం రోజుల్లో చెప్పలేనిది ఒక చిరిగిన దోమతెర మూడు రోజుల్లో చెప్పింది.

ఇక మూడో ప్రశ్న. దీనికి మేము పరీక్ష ఆలోచిస్తుండగానే జవాబు వచ్చేసింది. హాపాల దగ్గర లెక్కపెడుతుంటే, గట్టు మీద కూర్చుని చేపలు కోస్తున్న ఒకామె పిలిచింది.

"ఏమమ్మాయీ, రోజూ నీళ్లలో ఏం వెతుకుతున్నారు?"

"సంఘం వేసిన పిల్లలు ఏమైపోతున్నాయో చూస్తున్నాం పిన్నీ."

ఆమె కొరమీను పొట్టను కత్తిపీట మీద చీల్చి, లోపలిది వేలితో తీసి అరచేతిలో పెట్టుకుని చూపించింది. వెండి రంగు ఇంకా పోని మూడు చేపపిల్లలు. ఒకటి సగం అరిగిపోయింది. "వీటి కోసమేనా?" అంది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది.

ఆ వారం ఊళ్లో గాలానికి పడ్డ కొరమీనులు, వాలుగలు కోసే ముందు మాకు చూపించమన్నాం. పదకొండు కొరమీనుల్లో ఏడింటి పొట్టల్లో మా పిల్లలే. చెరువు పూర్తిగా ఎండదు కాబట్టి ఈ మాంసాహారి చేపలు ఆ ఎకరం మడుగులో వేసవి గడిపేస్తాయి. ఆగస్టులో మనం ఒకటిన్నర అంగుళం పిల్లల్ని వదిలితే వాటికి అది పండుగ భోజనం. అదీ మధ్యాహ్నపు ఎండలో కుమ్మరించి, సగం స్పృహ తప్పించి మరీ వడ్డించాం.

విఫలమైనవి

పుస్తకంలో దీనికి మందుంది. ఇప్పపిండి, అంటే ఇప్పగింజల నూనె తీశాక మిగిలే చెక్క, హెక్టారుకు రెండున్నర వేల కిలోలు. అందులోని సపోనిన్ అక్కరలేని చేపల్ని చంపుతుంది, రెండు మూడు వారాలకు విషం విరిగి ఎరువుగా మారుతుంది. ఉత్సాహంగా అధ్యక్షుడికి చెప్పాను. ఆయన చెరువు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి "ఎన్ని బస్తాలమ్మా?" అన్నాడు. పన్నెండు ఎకరాలంటే దాదాపు అయిదు హెక్టార్లు. పన్నెండున్నర టన్నులు. ఆయన నవ్వలేదు, అది ఆయన మర్యాద.

వచ్చే మే నెలలో, మడుగుగా ఉన్నప్పుడు వేస్తే టన్నుతో సరిపోతుంది కదా అన్నాం. ఈసారి అడ్డుచెప్పింది ఆడవాళ్లు. వేసవిలో ఆ మడుగే పశువులకు నీరు. పైగా మడుగు బురదలో కొరమీను పట్టుకోవడం సంఘంలో లేని ఇళ్లకు కూడా ఉన్న హక్కు. కొరమీను ధర బొచ్చె ధరకు రెట్టింపుపైనే. మా దృష్టిలో శత్రువు అయిన చేప ఊరికి చేతి ఖర్చు. చంపాలన్న ఆలోచన అక్కడే మానుకున్నాం. నా మటుకు నాకు ఈ కేసులో తీసుకున్న నిర్ణయాలన్నిటిలో సరైనది ఇదే అనిపిస్తుంది, మేము తీసుకున్నది కాకపోయినా.

శత్రువును తీయలేకపోతే పిల్లను పెంచాలి. కొరమీను మింగేది నోరు పట్టినదాన్నే. నాలుగంగుళాలు దాటిన బొచ్చె పిల్లకు వీపు లేస్తుంది, అరకిలో కొరమీను గొంతులో పట్టదు. ఎనభై నుంచి వంద మిల్లీమీటర్ల పిల్లలనే వేయాలని చెరువులకు సిఫారసు చేసేది ఇందుకే. ఆ వాక్యాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, కారణం మాత్రం కత్తిపీట మీద చూశాను. కానీ ఆ సైజు కొనాలంటే ధర నాలుగైదు రెట్లు. అందుకని చెరువులోనే పెద్ద హాపాలు కట్టి పెంచుదామన్నాం. సెప్టెంబర్ మొదట్లో నాలుగు వేల పిల్లల్ని వేశాం.

పన్నెండు రోజులు బాగానే ఉన్నాయి. వల కన్నాలకు పాచి పట్టింది, రోజు విడిచి రోజు బ్రష్‌తో తోమాం. పదమూడో రోజు పొద్దున మేత వేస్తే పైకి వచ్చినవి పిడికెడు. హాపా ఎత్తి చూస్తే అడుగున అరచేయంత కోతలు, రెండు చోట్ల. పీతలు. అడుగున పేరుకున్న తవుడు వాసనకు వచ్చి వల కొరికేశాయి. అడుగును నేలకు తగలకుండా అడుగున్నర ఎత్తున కట్టాలన్న చిన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేము ఎవరినీ అడగలేదు. గట్టు మీద వలలు అల్లే ముసలాయన ఒకరు అంతా అయ్యాక "పీతలుంటాయని తెలియదా బాబూ?" అని మా జట్టులో అబ్బాయిని అడిగాడు. తెలియదు.

పనిచేసినది

సంఘ సభ్యుల్లో ఒకరి పొలంలో ఉపాధి హామీ పనుల్లో తవ్విన పది సెంట్ల నీటి కుంట ఉంది. బోరు పక్కనే. అది చిన్నది కాబట్టి తోడి ఎండగట్టవచ్చు. ఎండగడితే శత్రువు ఉండదు, ఇప్పపిండీ అక్కరలేదు. పది కిలోల సున్నం, రెండు వందల కిలోల పేడ వేసి, బోరు నీటిని నైలాను గుడ్డ గుండా వడగట్టి నింపాం. లకుముకి పిట్టలకు అడ్డంగా పైన తాళ్లు కట్టాం. వారం ఆగి, నీరు పచ్చబడ్డాక, సెప్టెంబర్ మూడో వారంలో ఎనిమిది వేల పిల్లలు వేశాం. ఈసారి సంచులు తెల్లవారుజామున తెప్పించాం, ప్రతి సంచీ లెక్కపెట్టాకే డబ్బు. అమ్మేవాళ్లు గొణిగారు, ఇచ్చారు.

తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో. మొదట రోజుకు నాలుగు వందల గ్రాములు, పిల్లల మొత్తం బరువులో నూటికి అయిదు. పదిహేను రోజులకోసారి వల లాగి, యాభై పిల్లల్ని తూచి మేత పెంచాం. కాటా కోడలు పట్టింది, లెక్క కోడలే రాసింది. మూడో లాగుడు నాటికి మేము గట్టు మీద ఊరికే నిలబడి ఉన్నాం.

నవంబర్ చివర లెక్కపెట్టి చెరువులోకి మార్చినవి 5,040. సగటు పొడవు నాలుగంగుళాలు. అంతకు ముందే, అక్టోబర్‌లో, ఇరవై వేలకు కేటాయించిన డబ్బులో మిగిలిన దానితో అలుగుకు వెదురు తడక కట్టించాం. తర్వాత మా సెమిస్టరు ముగిసింది.

ఫలితం ఫోనులో తెలిసింది. మార్చి నుంచి ఏప్రిల్ చివరి దాకా విడతలుగా పట్టారు. మొత్తం 1,470 కిలోల చిల్లర, గత ఏడాదికి రెట్టింపు. నన్ను నిద్రపోనివ్వని అంకె మాత్రం వేరు. గంపల లెక్క ప్రకారం అర కిలో లోపు చేపలు 3,100, కిలోకు దగ్గరగా ఉన్నవి తొంభై. ఆ తొంభై ఆగస్టులో వేసిన చిన్న పిల్లలు, ఆ మూడు వేల వందా నవంబర్‌లో వేసిన పెద్ద పిల్లలు. ఒకే చెరువు, ఒకే నీరు, అవే కొరమీనులు. ఆగస్టులో చెరువులోకి నిజంగా వెళ్లినవి నాలుగు వేల లోపు అనుకున్నా నూటికి రెండు మిగిలాయి, నవంబర్‌వి నూటికి అరవై పైన. తడక కట్టక ముందు కొన్ని పోయి ఉండవచ్చు, హాపాల్లోంచి తప్పించుకున్నవీ ఆ తొంభైలో ఉండవచ్చు. అయినా అంత తేడాను తడక ఒక్కటే మింగలేదు.

అధ్యక్షుడికి పూర్తి సంతోషం లేదు. "చేపలు వచ్చాయమ్మా, కానీ చిన్నవి" అన్నాడు. నవంబర్‌లో వేసిన పిల్లకు పెరగడానికి అయిదు నెలలే దొరికింది. కిలో లోపు చేపకు షావుకారు ధర తగ్గిస్తాడు. ఏప్రిల్ 15 నుంచి సముద్రంలో వేట నిషేధం మొదలవుతుంది కాబట్టి చివరి విడతలకు గిరాకీ ఉండి కొంత సర్దుకుంది, అంతే.

ఆ లోపానికి విరుగుడు రెండో ఏడు దొరికింది, నేను చదువు ముగించి తిరిగి ఆ ఊరు వెళ్లినప్పుడు. కుంటలో పిల్లల్ని ఒత్తుగా వేసి, మేత తగ్గించి, బోరు నీటితో వేసవి దాటించాలి. గిడసబారినట్టు నాలుగైదు అంగుళాల దగ్గరే ఆగి ఉంటాయి. ఆగస్టులో చెరువు నిండగానే వదిలితే ఆగిన ఎదుగుదలంతా ఒక్కసారి అందుకుంటాయి, కొరమీను నోటికీ అందవు. ఏడాది పిల్లలంటారు వీటిని. బోరుకు కరెంటు ఉన్నంతవరకే ఈ పద్ధతి. ఒక వేసవి మోటారు కాలిపోయి కుంటలో సగం పోయాయి. ఆ ఏడు మళ్లీ నవంబర్ దారే పట్టారు.

ఈ కేసు చెప్పినప్పుడు విద్యార్థులు ఒక ప్రశ్న తప్పక అడుగుతారు: కిట్ వాడవద్దంటారా? వాడండి. చేపలు పొద్దున్నే నోరు తెరుచుకుని పైకి తేలే చెరువులో మొదట ఆక్సిజనే చూడాలి. ఇక్కడ మూడేళ్లలో ఒక్క చేప కూడా తేలి చావలేదు. ఆ సంగతి మేము జూలైలోనే అడిగి ఉంటే తెలిసేది. చచ్చిన చేప కనబడని చెరువులో నేను ఇప్పుడు ముందుగా అడిగేవి మూడు: ఎన్ని వేశారు, ఏ సైజువి వేశారు, పట్టినవి ఒక్కొక్కటీ ఎంత తూగాయి. మూడోదానికి జవాబు చాలా ఊళ్లలో దొరకదు, కిలోలే రాస్తారు. షావుకారు మీద అనుమానంతో ఒక కోడలు గంపల్లో చేపల్ని లెక్కపెట్టకపోయి ఉంటే మేము ఇంకా సున్నమే చల్లిస్తూ ఉండేవాళ్లం.

ఆమె ఇప్పుడు సంఘం లెక్కలన్నీ చూస్తోంది. పోయిన ఆగస్టులో ఫోను చేసింది. సంచికి 960 వచ్చాయట. తక్కువైన నలభైకి డబ్బు కోసి ఇచ్చామని చెప్పి, బోరు మోటారుకు ఎంత అవుతుందో కనుక్కుని చెప్పమంది.